ఖాళీ ఈతకొలను నుంచి వచ్చిన వేగం

(పాలకొల్లులో సంగీత శ్రోతల ఆదివారపు సభలో ఒక మాండొలిన్ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ముందు వరుసలో ఉన్న పెద్దలకు, వెనక బల్లల మీద సర్దుకుని కూర్చున్న నా విద్యార్థులకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయేది సూసైడల్ టెండెన్సీస్, అంటే ‘ఆత్మహత్యా ధోరణులు’ అనే బ్యాండ్ గురించి. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరం పక్కన, సముద్రం ఒడ్డున వెనిస్ అని ఒక పేట ఉంది. ఈ బ్యాండ్ 1980ల తొలినాళ్లలో అక్కడ పుట్టింది. బరువైన గిటార్లతో పరుగెత్తే థ్రాష్ మెటల్, చక్రాల బల్లల కుర్రాళ్లు ఇష్టపడే స్కేట్ పంక్ అనే రెండు రకాల సంగీతాన్ని ఒకే పాటలో కలిపి వాయించిన తొలితరం బ్యాండ్లలో ఇది ఒకటి. పేరు చెప్పగానే ముందు వరుసలో ఇద్దరు తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఆ పేరు ఎంత బరువుగా వినిపిస్తుందో నాకు తెలుసు. దాన్ని దాటవేసి మాట్లాడను. ముందు సంగీతం సంగతి చెప్పి, ఆ తర్వాత దాని దగ్గరికే వస్తాను.

ఈ బ్యాండ్ నాకు ఒక కుడిచేతి వల్ల పరిచయమైంది. నా దగ్గర నేర్చుకునే ఇంటర్ కుర్రాడు ఒక సాయంత్రం సరళీ వరుసలు మూడో కాలంలో, అంటే మొదటి వేగానికి నాలుగింతల్లో వాయిస్తున్నాడు. మీటు మారిపోయి వినిపించింది. మనం మాండొలిన్ మీద ఒక స్వరానికి కిందికి, తర్వాతి స్వరానికి పైకి మీటుతాం. వేగం పెరిగేకొద్దీ చేతికి సుఖంగా ఉండేది ఆ పద్ధతే. వాడు ప్రతి స్వరాన్నీ కిందికే మీటుతున్నాడు, అదీ మూడో కాలంలో! ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతోంది. మణికట్టు బిగుసుకోలేదు, లయ చెదరలేదు. ఎవరు నేర్పారని అడిగాను. “ఎవరూ నేర్పలేదండీ, విని పట్టుకున్నాను” అన్నాడు. వాడు మెటాలికా అనే అమెరికా మెటల్ బ్యాండ్ అభిమాని. వాళ్లకు బేస్ గిటారు వాయించే రాబర్ట్ ట్రుహియో అంతకుముందు ఎక్కడ వాయించేవాడో వెతుక్కుంటూ వెళ్లి ఈ వెనిస్ బ్యాండ్‌ను కనిపెట్టాడు. ఫోను నా చేతికిచ్చి, ఇయర్‌ఫోన్లు రెండూ తుడిచి ఇచ్చాడు.

మొదటిసారి వింటున్నప్పుడు నేను పట్టుకోగలిగింది తాళం ఒక్కటే. నాలుగు లెక్కల చతురశ్ర గతి. దాని మీద డ్రమ్ము పరుగెత్తుతోంది, గిటార్లు తీగను నొక్కిపట్టి నరుకుతున్నట్టు మోగుతున్నాయి, వాటన్నిటికీ ముందు ఒక గొంతు మాటల వెంట మాటలు తోసేస్తోంది. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడా అని వెతికాను. అంతలో పరుగు ఒక్కసారిగా సగానికి పడింది. మూడో కాలంలో ఉన్నవాళ్లు, లెక్క తప్పకుండా, రెండో కాలానికి దిగారు. నలుగురైదుగురు గొంతు కలిపి ఒకే మాట అరిచారు. మళ్లీ పైకి లేచారు. పాట అయిపోయింది. ఇంకోసారి పెట్టమన్నాను.

ఆ రాత్రి ఇంటికి వెళ్లాక కూడా విన్నాను. ఒక వాద్యం నేర్పేదాన్ని కాబట్టి నన్ను పట్టుకున్నది అందులోని పని. దాని గురించి కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే “అదంతా గోల” అనే మాట పని కనిపించనప్పుడే నోటికి వస్తుంది.

ఆ గిటారు శబ్దాన్నే తీసుకోండి. ధ్వనిని యాంప్లిఫయర్ మోయగలిగిన దానికంటే ఎక్కువ పెంచితే తరంగం పై అంచు, కింది అంచు తెగిపోతాయి. అప్పుడు తీగలో లేని కొత్త స్వరాలు అందులో పుడతాయి. ఇప్పుడు షడ్జం, అంటే ‘స’, సెకనుకు 200 సార్లు కంపిస్తోందనుకుందాం. పంచమం, అంటే ‘ప’, 300 సార్లు కంపిస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఆ యాంప్లిఫయర్లోకి పంపితే, వాటి తేడా అయిన 100 కంపనాల స్వరం కూడా వినిపిస్తుంది. అదేమిటి? కింది స్థాయి షడ్జం. ఎవరూ మీటని ఆధార షడ్జం తనంతట తాను కింద వచ్చి కూర్చుంటుంది. అందుకే మెటల్ గిటారిస్టులు గాంధారాన్ని వదిలేసి షడ్జ పంచమాలనే కలిపి వాయిస్తారు. గాంధారం కలిస్తే ఆ తేడాల స్వరాలు ఒకదానితో ఒకటి పొసగక ధ్వని బురదగా మారుతుంది. తంబురా శ్రుతి చేసుకునేటప్పుడు మనం నమ్ముకునేది కూడా ఈ రెండు స్వరాలనే. ఈ విషయం తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకు చెప్పలేను.

ఇక ఆ నొక్కిపట్టిన శబ్దం. కుడి అరచేతి అంచును, తీగలను మోసే బ్రిడ్జి పక్కన తీగల మీద ఆనిస్తారు. మీటగానే స్వరం పుట్టి, సాగకుండా ఆగిపోతుంది. అరచెయ్యి కొంచెం ముందుకు జరిగితే స్వరం చచ్చిపోతుంది, కొంచెం వెనక్కి జరిగితే మోగిపోతుంది. ఆ సన్నటి జాగాలో చేతిని నిలిపి, నిమిషానికి 200 దెబ్బల లయలో, కిందికే మీటుతూ మూడు నిమిషాలు వాయించమనండి. నా విద్యార్థుల్లో పెద్దవాళ్లు ప్రయత్నించారు, ముంజేయి పట్టేసింది. కోపం వచ్చినవాడు ఆ పని చెయ్యలేడు. సాధన చేసినవాడే చెయ్యగలడు.

స్వరాల విషయానికి వస్తే, ఈ సంగీతంలో షడ్జం పక్కనే శుద్ధ రిషభం తరచుగా వినిపిస్తుంది. వాళ్లు ఫ్రిజియన్ అని పిలిచే వరుసలో ఉన్నవి మన హనుమతోడి స్వరాలే. స్వరాన్ని ఊపి పలికించే గమకం లేదు కాబట్టి అది తోడి రాగం అవదు, స్వరస్థానాలు మాత్రం అవే. ప్రతిమధ్యమాన్ని షడ్జానికి ఎదురుగా నిలబెట్టి భయం పుట్టించడం 1970లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ బ్యాండ్ బ్లాక్ సబాత్ చేసి చూపించింది. ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ ఐయోమీ కథ తీగవాద్యం నేర్చుకునే ప్రతి పిల్లవాడికీ తెలియాలి. ఆయన 17 ఏళ్ల వయసులో ఇనుపరేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా మిషనులో పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి, స్వరాలు నొక్కే చెయ్యి కుడిది, తెగింది కుడిచేతి వేళ్లే. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత తర్వాత శ్రుతి కూడా దించుకున్నాడు. మెటల్‌కు ఉన్న ఆ బరువైన నాదంలో ఆ దెబ్బతిన్న చేతి వాటా ఉంది.

మెటల్ ఇలా ఉంటే, పంక్ పూర్తిగా వేరే దారి. పాట చిన్నది, స్వరాలు మూడో నాలుగో, చెప్పే మాట సూటిగా ఉండాలి, వాయించడం గొప్పగా రాకపోయినా వేదిక ఎక్కవచ్చు. 1982లో హ్యూస్టన్‌లో మొదలైన డి.ఆర్.ఐ. అనే బ్యాండ్ తమ మొదటి రికార్డులో 22 పాటలు పెట్టింది. సగటున ఒక్కో పాట నిమిషం కూడా ఉండదు. ఆ పేరులోని మూడు అక్షరాల వెనక ఉన్నది ఇంట్లో సాధన చేస్తుంటే గాయకుడి తండ్రి తిట్టిన తిట్టు: డర్టీ రాటెన్ ఇంబెసిల్స్, దరిద్రపు మూర్ఖులు అని. దాన్నే పేరుగా పెట్టుకున్నారు.

ఈ రెండు వర్గాలకూ అప్పట్లో ఒకరంటే ఒకరికి పడేది కాదు. మెటల్ వాళ్లది పొడుగు జుట్టు, పంక్ వాళ్లది కత్తిరించిన జుట్టు. మెటల్ వాళ్ల గిటారు విన్యాసాలు పంక్ వాళ్లకు ఆడంబరంగా తోచేవి. పంక్ వాళ్లకు వాయించడమే రాదని మెటల్ వాళ్లు అనేవారు. ఒకరి కచేరీకి ఇంకొకరు వెళితే తన్నులాటలు జరిగేవి. మరి ఈ రెండూ ఎలా కలిశాయి? సంగీతం మీద రాసేవాళ్లు దీనికి చాలా కారణాలు చెబుతారు. నాకు అన్నిటికంటే బలంగా కనిపించే కారణం చక్రాల బల్ల. స్కేట్‌బోర్డు.

ఇక్కడ కొంచెం నీళ్ల సంగతి చెప్పాలి. 1976, 1977 సంవత్సరాల్లో కాలిఫోర్నియాలో తీవ్రమైన కరువు వచ్చింది. నీటి వాడకం మీద ఆంక్షలు పెట్టారు. అక్కడ కలిగినవాళ్ల పెరళ్లలో ఈతకొలనులు ఉంటాయి, వాటిలో చాలా కొలనులు ఎండిపోయాయి. ఆ కొలనుల గోడలు మన బావి గోడల్లా నిటారుగా ఉండవు, అడుగు నుంచి వంపు తిరిగి పైకి లేస్తాయి. వెనిస్, శాంటా మోనికా ప్రాంతాల కుర్రాళ్లు గోడలు దూకి, ఆ ఖాళీ కొలనుల్లోకి దిగి, అడుగున వేగం అందుకుని వంపు మీదుగా అంచు దాకా ఎక్కడం నేర్చుకున్నారు. అంతకు కొద్దికాలం ముందే స్కేట్‌బోర్డులకు మట్టి చక్రాలు పోయి, నేలను పట్టుకుని తిరిగే యురేథేన్ అనే ప్లాస్టిక్ చక్రాలు వచ్చాయి. ఆ చక్రాలు లేకపోతే ఆ గోడలు ఎక్కడం సాధ్యమయ్యేది కాదు.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లం, మనకు నీళ్లు లేకపోవడంలోంచి ఒక ఆట పుట్టడం వింతగా ఉంటుంది. కానీ వేసవిలో కాలవలు కట్టేసిన రోజులు గుర్తు చేసుకోండి. మరమ్మతుల కోసం గోదావరి బ్యారేజీ దగ్గర నీళ్లు ఆపగానే నరసాపురం కాలవ అడుగు బయటపడుతుంది. మర్నాటికల్లా పిల్లలు అందులో ఉంటారు. ఎవరూ పిలవరు, ఎవరూ చోటు చూపించరు. పెద్దవాళ్లకు పనికిరానిదైన చోటు ఆ కొన్ని వారాలు పిల్లలది అవుతుంది. వెనిస్ కుర్రాళ్లకు ఖాళీ కొలను అలా దక్కింది.

ఆ కుర్రాళ్లలో కొందరు జెఫైర్ అనే దుకాణం పేరుతో జట్టుగా ఏర్పడి 1975లో పోటీల్లో దిగారు. అందులో జిమ్ మ్యూర్ ఒకడు. అతని తమ్ముడు మైక్ మ్యూర్ మన బ్యాండ్‌ను స్థాపించిన గాయకుడు. వెనిస్ కుర్రాళ్ల స్కేటింగ్‌ను చిన్న వయసు నుంచే ఫొటోలు తీసిన గ్లెన్ ఫ్రీడ్‌మన్ ఈ బ్యాండ్ మొదటి రికార్డుకు నిర్మాత. చూశారా, ఆట, పాట, ఫొటో అన్నీ ఒకే వీధివి. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో థ్రాషర్ అనే స్కేట్‌బోర్డు పత్రిక మొదలైంది. 1983 నుంచి ఆ పత్రిక స్కేట్ రాక్ పేరుతో పాటల క్యాసెట్లు విడుదల చేసింది. చక్రాల బల్ల మీద ఉన్న కుర్రాడికి కావలసింది వేగం. అది పొడుగు జుట్టువాడి గిటారులో దొరికినా సరే, గుండువాడి గిటారులో దొరికినా సరే. రెండు వర్గాల క్యాసెట్లూ ఒకే సంచిలో పడ్డాయి. సంగీతకారులకు సాధ్యం కాని రాజీని వినేవాళ్లు ముందు చేసుకున్నారు.

అటునుంచి మెటల్ వాళ్లు కూడా ఈ బల్ల ఎక్కారు. 1986లో పర్యటన మధ్యలో మెటాలికా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ స్కేట్‌బోర్డు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కచేరీల్లో ఆయన పాడుతుంటే ఆయన గిటారు భాగాన్ని వాద్యాలు చూసుకునే సహాయకుడు వాయించాల్సి వచ్చింది. తల్లిదండ్రులు గమనించాలి, ఆ ఆటకు తలకు, మణికట్టుకు రక్షణ తొడుగులు ఉంటాయి, అవి లేకుండా ఎక్కనివ్వకండి. మన దగ్గర కూడా ఇప్పుడు కొందరు పిల్లలు మూతపడిన రైసు మిల్లుల్లో, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లాల మీద ఈ బల్లలు నడుపుతున్నారు. నేను వెళ్లి చూశాను. విశాలమైన నున్నటి నేల, నీళ్లు పోవడానికి ఇచ్చిన కాస్త వాలు. ఒక చిన్న గులకరాయి చక్రం కింద పడితే చాలు, బల్ల ఆగిపోతుంది, మనిషి ముందుకు వెళ్లిపోతాడు. అందుకని ఆట మొదలుపెట్టే ముందు పిల్లలే చీపుళ్లు పట్టుకుని కళ్లం మొత్తం ఊడుస్తున్నారు. ఇంట్లో ఆ చీపురు ముట్టరని ఒక తల్లి నాతో అన్నారు.

బ్యాండ్ ప్రయాణానికి వద్దాం. బ్యాండ్ పేరుతోనే 1983లో వచ్చిన మొదటి రికార్డు దాదాపుగా పంక్. 1987లో జాయిన్ ది ఆర్మీ అనే రెండో రికార్డు వచ్చేసరికి రాకీ జార్జ్ అనే గిటారిస్టు చేరాడు, మెటల్ పనితనం లోపలికి వచ్చింది. స్కేటింగ్ గురించిన వాళ్ల ప్రసిద్ధమైన పాట అందులోదే. డి.ఆర్.ఐ. తన రికార్డుకు క్రాసోవర్ అని పేరు పెట్టింది కూడా అదే 1987లో. ఆ తర్వాత ఈ కలగలుపు సంగీతానికి ఆ పేరే స్థిరపడింది. 1988లో రెండో గిటారిస్టు మైక్ క్లార్క్ కూడా చేరి మన బ్యాండ్ మూడో రికార్డు వచ్చింది. నా అభిప్రాయం అడిగితే 1987 రికార్డే నాకు ఇష్టం. 1988 నాటికి వాయించడం ఇంకా మెరుగైంది, నిజమే. కానీ 1987లో రెండు సంగీతాలూ ఇంకా ఒకదాన్నొకటి పరీక్షించుకుంటూ ఉంటాయి, అతుకు కనిపిస్తూ ఉంటుంది. నాకు ఆ అతుకు దగ్గరే ఎక్కువ ప్రాణం వినిపిస్తుంది. మొదటి రికార్డు అన్నిటికంటే గొప్పదని నా విద్యార్థి వాదిస్తాడు. మా వాదన ఇంకా తేలలేదు.

ఇక ఆ పేరు సంగతి. నా విద్యార్థి తండ్రిగారు కొబ్బరి వ్యాపారం చేస్తారు. ఆయన అనుమతితోనే ఇది చెబుతున్నాను. ఒకరోజు సైకిల్ స్టాండు దగ్గరే నన్ను ఆపారు.

“టీచరుగారూ, మావాడు రాత్రిళ్లు ఏదో వింటున్నాడండీ. ఫోనులో ఆ పేరు చూశాక నాకూ వాళ్లమ్మకూ నిద్ర పట్టలేదు. మీరైనా కాస్త చెప్పండి.”

“లోపలికి రండి, ఒక పాట వినిపిస్తాను. మాట మాటకూ తెలుగులో చెబుతాను, ఆ తర్వాత మీరే అనండి” అన్నాను.

మొదటి రికార్డులోని ఇన్‌స్టిట్యూషనలైజ్డ్, అంటే ‘మానసిక చికిత్సాలయంలో పెట్టేసినవాడు’ అనే పాట పెట్టాను. అందులో చరణాలు పాడరు, మాట్లాడతారు. ఒక కుర్రాడు తన గదిలో కూర్చుని ఏదో ఆలోచించుకుంటూ ఉంటాడు. తల్లి వచ్చి ఏమైందని అడుగుతుంది. ఏమీ లేదమ్మా, ఆలోచిస్తున్నానంతే అంటాడు. కాదు, నీకేదో అయింది, నువ్వేదో మత్తుమందు తీసుకుంటున్నావు అంటుంది. అదేమీ లేదమ్మా, నేను బాగానే ఉన్నాను, నాకు ఒక్క పెప్సీ కావాలి, అంతే అంటాడు. ఆమె వినిపించుకోదు. ఇంటి పెద్దలు కూర్చుని, వీణ్ని ఎక్కడికి పంపితే బాగుపడతాడో మాట్లాడుకుంటారు. వాడి గురించే మాట్లాడుకుంటారు, వాడితో మాట్లాడరు. చరణం నెమ్మదిగా, సంజాయిషీ చెప్పుకునే గొంతుతో మొదలై, ఒక్కో మాటకూ వేగం పెరుగుతూ, చివరికి ఊపిరి అందని పరుగుగా మారుతుంది. లయ పెరగడానికి సంగీతపరమైన కారణం వేరే వెతకనక్కర్లేదు. ఒక పిల్లవాడు తనను ఎవరూ వినడం లేదని గ్రహిస్తున్న కొద్దీ గొంతు ఎలా పెరుగుతుందో, ఆ పెరుగుదలే ఆ పాట లయ.

తండ్రిగారు మొత్తం విన్నారు. కండువాతో మొహం తుడుచుకుని అడిగారు: “చివరికి ఆ అబ్బాయికి పెప్సీ ఇచ్చారా అండీ?”

“ఇవ్వలేదండీ” అన్నాను.

ఆయన మీద నాకు ఆ క్షణంలో గౌరవం పెరిగింది. పాటలో ఆ కుర్రాడి చుట్టూ ఉన్న పెద్దలెవరూ ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆయన వేశారు.

అమ్మల్లారా, నాన్నల్లారా, మీ పిల్లలు ఈ పాటలు వింటున్నారని తెలిస్తే తీసేయమనకండి, ఏముంది అందులో అని అడగండి. పిల్లలు చెబుతారు. చెప్పడం మానేసి, తిండి మానేసి, ఇష్టమైన వాద్యం కూడా ముట్టుకోవడం మానేసిన పిల్లల విషయంలోనే కంగారు పడాలి. నా వృత్తిలో నేను చూసినంతలో ప్రమాదం నిశ్శబ్దంగా వస్తుంది. అలాంటప్పుడు ఒంటరిగా మోయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలూ, మీరు కూడా రాసుకోండి.

ఈ బ్యాండ్‌కు అంతా మంచి పేరే ఉందని నేను చెప్పను. కచేరీల్లో కొట్లాటలు జరిగాయి, ముఠాలతో సంబంధం ఉందన్న పేరు పడింది, 1980లలో కొన్నేళ్లపాటు సొంత నగరం లాస్ ఏంజిలిస్‌లోనే వేదికలు దొరకలేదు. అదీ చరిత్రే. ఆ కచేరీల్లో జనం వేదిక ముందు గుండ్రంగా తిరుగుతూ ఒకరినొకరు తోసుకుంటారు. వీడియోలో చూస్తే భయం వేస్తుంది. జాగ్రత్తగా చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది: ఎవరైనా కింద పడితే చుట్టూ ఉన్నవాళ్లు ఆగి, చేతులు పట్టి లేపుతారు. అక్కడ అది ఎవరూ రాయని నియమం.

మన పక్కనే, కోనసీమలో, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినవాళ్లకు దీన్ని నేను వేరే వివరించనక్కర్లేదు. ఏకాదశ రుద్రుల ప్రభలను, అంటే వెదురుతో కట్టి అలంకరించిన పెద్ద చట్రాలను, భుజాల మీద మోసుకుంటూ వరిచేలలోంచి వస్తారు, గంగలకుర్రు అగ్రహారం ప్రభను కౌశిక కాలవ దాటిస్తారు. డప్పుల హోరులో “అశ్శరభ శరభ” అని వందల గొంతులు ఒక్కసారి లేస్తాయి. కాలు జారినవాణ్ని పక్కవాడు పట్టుకుంటాడు, ప్రభ మాత్రం ఒరగనివ్వరు. తొక్కిన చేను గురించి రైతు బాధపడడు. ఆ కేకకు అర్థం ఏమిటని అక్కడ ఎవరైనా అడిగారా? గొంతు కలపడమే అక్కడి పని. ఆ బ్యాండ్ పాటల్లో నలుగురూ కలిసి అరిచే చోట నాకు వినిపించింది అదే. భక్తి వేరు, సందర్భం వేరు, వాటిని కలిపి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒళ్లు ఒకరి లయలోకి ఒకరు ఇచ్చుకోవడం మాత్రం రెండుచోట్లా ఉంది.

పెద్దలు కొందరు ఒక మాట అంటారని నాకు తెలుసు. మాండొలిన్ శ్రీనివాస్ గారి ఊళ్లో ఇదా మాట్లాడటం? ఆయన ఊరు కాబట్టే మాట్లాడుతున్నాను. ఆయన 1969లో ఇక్కడ పుట్టారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో వాయించేనాటికి చిన్న పిల్లవాడు. మెట్లున్న వాద్యం మీద గమకం పలకదన్నారు, విద్యుత్ వాద్యం కచేరీకి తగదన్నారు. ఆయన నాలుగు జతల తీగల వాద్యాన్ని ఐదు ఒంటి తీగలకు మార్చుకుని, విద్యుత్ మాండొలిన్ మీద వర్ణాలు, కృతులు, రాగాలాపన అన్నీ పలికించారు. వాదనలు ఆగిపోయాయి. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు, ఆ లోటు ఈ ఊరికి తీరేది కాదు. రెండు దారులను ఒక వాద్యంలో కలపడానికి ఎంత సాధన కావాలో ఈ ఊరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వెనిస్ కుర్రాళ్లది ఆయన స్థాయి విద్వత్తు అని నేను అనడం లేదు. రెండువైపుల నుంచీ కాదనిపించుకుని, రెండింటినీ నేర్చుకుని నిలబడ్డారని అంటున్నాను. పంక్ వాళ్లు మీరు మారిపోయారన్నారు, మెటల్ వాళ్లు మీరు మావాళ్లు కాదన్నారు. నలభై ఏళ్లు దాటినా మైక్ మ్యూర్ ఆ బ్యాండ్‌ను నడుపుతూనే ఉన్నాడు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. నా విద్యార్థిని ఈ బ్యాండ్ దగ్గరికి చేర్చిన రాబర్ట్ ట్రుహియో 1989లో ఇందులో చేరాడు, 2003లో మెటాలికాకు వెళ్లాడు. 2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు ఆయన ఆ వేదిక మీద ఉన్నాడు. నా పాత విద్యార్థి ఒకరు శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి ఆ కచేరీ విన్నారు. ట్రుహియో కుడిచేతి మూడు వేళ్లతో బేస్ తీగలు మీటడం దగ్గరగా చూశానని, తిరిగి వచ్చాక నెలల తరబడి అదే చెప్పేవారు. ఆ మాటలు నేను అప్పుడు మర్యాదకు విన్నాను. ఈ మధ్య ఆయనకు ఫోను చేసి మళ్లీ మొత్తం చెప్పించుకున్నాను. ఈసారి కాగితం పెట్టుకుని రాసుకున్నాను.

ఇప్పుడు వినే భాగం. స్పీకర్లు సిద్ధంగా ఉన్నాయి, శబ్దం మరీ ఎక్కువ పెట్టను. మొదట 1983 నాటి ఇన్‌స్టిట్యూషనలైజ్డ్ వేస్తాను, మాటలకు తెలుగు సారాంశం ఈ కాగితాల మీద ఉంది, అందరికీ అందేలా పంచండి. రెండోది 1987 నాటి పాట. అందులో డ్రమ్ము వేగం సగానికి పడే చోటు వస్తుంది, అక్కడ తాళం వేస్తూ ఉంటే లెక్క తప్పదు, చెయ్యి ఆపకండి. మాండొలిన్ పిల్లలు గిటారు కుడిచేతిని వినండి, గాత్రం పిల్లలు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో పట్టుకుని నాకు చెప్పండి. మూడో పాట ఏది వెయ్యాలో మా కొబ్బరి వ్యాపారి గారు చెబుతారు, ఆయన ఒకటి ఎంచుకుని వచ్చారు. తలుపులు వేయండి నాన్నా, పక్కన బడి పిల్లలకు ట్యూషన్ జరుగుతోంది.